రెండున్నరేళ్ల పాప, రెండు గదుల అద్దె ఇల్లు: మాంటిస్సోరి పద్ధతి ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

గునుగుపువ్వు (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మేముండేది నయీంనగర్‌లో. ఇద్దరం ఉద్యోగస్థులం. పగలంతా పాప మా అత్తమ్మ దగ్గర ఉంటుంది. రెండున్నరేళ్లు నిండాయి, వచ్చే జూన్‌లో బడిలో వేయాలని ఇంట్లో అందరూ అంటున్నారు. మొన్న బోర్డు మీద మాంటిస్సోరి అని రాసి ఉన్న ఒక బడికి వెళ్లి చూశాం. మూడేళ్ల పిల్లలు బల్లల మీద వరసగా కూర్చుని చుక్కలు కలుపుతూ ఏబీసీడీలు దిద్దుతున్నారు. మూలన గాజు తలుపుల బీరువాలో చెక్క సామగ్రి మెరుస్తూ ఉంది. ఆ బీరువాకు తాళం.

మాంటిస్సోరి పద్ధతి అంటే పిల్లలు తమకు నచ్చిన పనిని తామే ఎంచుకుని, చేతులతో చేస్తూ నేర్చుకోవడమని చదివాను. నేను చదివినదానికీ అక్కడ చూసినదానికీ పొంతన లేదు. అందుకే ముందు ఇంట్లోనే ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో ఆ చెక్క సెట్ల ధరలు చూస్తే మా నెల అద్దెను దాటిపోతున్నాయి. అవి లేకుండా కుదురుతుందా? పిల్లకు స్వేచ్ఛ ఇస్తే మొండిగా తయారవుతుందని అత్తమ్మ భయం. ఒకటో తరగతికి వచ్చేసరికి మిగతా పిల్లల కంటే వెనకబడుతుందని మా ఆయన భయం. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరే తల్లికి ఇదంతా సాధ్యమేనా అని నా భయం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బాలబాట (కాజీపేట)

తాళం వేసిన బీరువా గురించి చదవగానే మనసు చివుక్కుమంది. మాంటిస్సోరి శిక్షణ తీసుకుని, మూడు నుంచి ఆరేళ్ల పిల్లల తరగతిని చాలా ఏళ్లు నడిపాను. నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ధర సంగతి. ఈ పద్ధతి ఇప్పుడు డబ్బున్నవాళ్ల చదువుగా పేరు పడింది కానీ పుట్టింది పేదల వాడలో. 1907 జనవరి 6న రోమ్ నగరంలో సాన్ లోరెంజో అనే కార్మికుల వాడలో మారియా మాంటిస్సోరి మొదటి బాలల గృహాన్ని తెరిచారు. తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోతే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని ఆ ఇళ్లు బాగుచేయించిన వాళ్లే ఒక గది ఇచ్చారు. ఆమె డాక్టరు, 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. పిల్లలకు ఏమి నేర్పాలో ముందే నిర్ణయించుకోకుండా వాళ్లను గమనించారు. బొమ్మలు ఇచ్చినా వాటిని వదిలి నిజమైన పనుల వైపే వెళ్తున్నారని, ఒకే పనిని విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చేస్తున్నారని చూశారు. పద్ధతంతా ఆ గమనింపులోంచి వచ్చింది. కాబట్టి మీరు కొనవలసింది దాదాపు ఏమీ లేదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. నేల మీద కూర్చుని, పాప కళ్ల ఎత్తు నుంచి మీ ఇంటిని చూడండి. దాహమేస్తే ఎవరిని అడగాలి? బట్టలు ఎక్కడున్నాయి? చేయి కడుక్కోవాలంటే కుళాయి అందుతుందా? వంటింటి అరల్లో అన్నిటికంటే కింది అర ఖాళీ చేసి ఆమెకు ఇవ్వండి. అందులో ఒక చిన్న స్టీలు పళ్లెం, గ్లాసు, సగం నీళ్లున్న చిన్న చెంబు, ఒక తుడిచే గుడ్డ. అంతే. చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు ఎలా పోసుకోవాలో ఒకసారి నెమ్మదిగా, మాట్లాడకుండా చేసి చూపించండి. చేయి కదలికను చూస్తున్నప్పుడు మాటలు కూడా వినాలంటే పిల్లకు రెండు పనులవుతాయి.

నీళ్లు ఒలుకుతాయి. ఒలికితే మీరు చెప్పక్కరలేదు, నేల తడిసిన సంగతి ఆమెకే కనిపిస్తుంది. గుడ్డ పక్కనే ఉంది. మా తరగతిలో ప్రతి సామగ్రిలోనూ తప్పు తనంతట తాను బయటపడే ఏర్పాటు ఉంటుంది. పెద్దవాళ్లు నోరు విప్పకుండానే పిల్ల దిద్దుకుంటుంది.

అన్నిటికంటే కష్టమైనది మనకు. పాప ఏదో పనిలో మునిగిపోయి ఉన్నప్పుడు పిలవకూడదు, ఫోటో తీయకూడదు, చప్పట్లు కూడా కొట్టకూడదు. ఆ ధ్యాస ఒకసారి చెదిరితే మళ్లీ పట్టుకోవడం పిల్లకు చాలా కష్టం.

నర్సంపేట_నాన్న

టీచర్ గారూ, గౌరవంతోనే ఒక మాట. మా ఊళ్లో పిల్లలు ఇవన్నీ ఎప్పటినుంచో చేస్తున్నారు. వాకిలి ఊడ్చారు, చాటలో బియ్యం పట్టుకుని రాళ్లు ఏరారు, దూడకు నీళ్లు పెట్టారు, మిర్చి కోతల కాలంలో కల్లం దగ్గర తాలుకాయ ఏరారు. దానికి ఇప్పుడు ఇటలీ పేరు పెట్టి పట్నంలో ఫీజులు వసూలు చేస్తున్నారు. మన అవ్వలకు తెలియని సంగతి ఇందులో ఏముంది?

బాలబాట

మంచి ప్రశ్న. మీ అవ్వగారికి చాలా తెలుసు, అందులో నాకు అనుమానం లేదు. తేడా ఒక్కచోట ఉంది. కల్లం దగ్గర పిల్లవాడు తాలు ఏరేది పెద్దవాళ్ల పని పూర్తి కావడానికి. సాయంత్రానికి బస్తా నిండాలి, ఆలస్యమైతే అరుపు పడుతుంది. మాంటిస్సోరి చెప్పిన పనిలో పిల్ల తనంతట తాను ఎంచుకుంటుంది, తనకు చాలనిపించినప్పుడు ఆపుతుంది. బల్ల ఇప్పటికే శుభ్రంగా ఉన్నా మళ్లీ తుడుస్తుంది. ఫలితం మనకు అవసరం లేదు, ఆ కదలిక ఆమెకు అవసరం.

ఇటలీ పేరు సంగతికి వస్తే, ఈ పద్ధతిలో మన దేశం పాలు చిన్నది కాదు. మాంటిస్సోరి ఇక్కడికి రాకముందే, 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా ఈ ఆలోచనలతో బాలమందిరం మొదలుపెట్టి, మన పిల్లలకు, మన కథలకు తగినట్టు మలిచారు. 1939 నవంబరులో, 69 ఏళ్ల వయసులో, మాంటిస్సోరి మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి శిక్షణ ఇవ్వడానికి వచ్చారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలో దిగడంతో ఇటలీ దేశస్థులని ఆమె కొడుకు మారియోను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఆమె 70వ పుట్టినరోజుకు ఆయనను విడిచిపెట్టారు. యుద్ధం ముగిసేదాకా ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, కొంతకాలం కొడైకెనాల్‌లో. పసిబిడ్డల మనసు గురించి, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల చదువు గురించి ఆమె ఆలోచనలు చాలావరకు పదునెక్కింది ఆ రోజుల్లోనే. వెయ్యికి పైగా భారతీయ ఉపాధ్యాయులు ఆమె దగ్గర శిక్షణ పొందారు.

నర్సంపేట_నాన్న

ఎంచుకోవడం, ఆపడం పిల్ల చేతిలో ఉండాలన్నారు చూడండి, అది నాకు అర్థమైంది. మా చిన్నతనంలో అది లేదు. మిగతాదంతా ఉంది.

పిల్లల_డాక్టర్ (సుబేదారి)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, జాగ్రత్తల గురించి ఎవరైనా చెప్పాలి. మూడేళ్లలోపు పిల్లలకు చింతగింజలు, పూసలు, శనగలు, పల్లీలు ఇచ్చి ఒంటరిగా వదలకండి. గొంతులో, శ్వాసనాళంలో ఇరుక్కుని మా దగ్గరకు వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. ముక్కులో, చెవిలో పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఈ వయసుకు పెద్ద నిమ్మకాయలు, ఉల్లిగడ్డలు, గిన్నెల మూతలు చాలు. నీళ్ల పని ఇష్టమని బకెట్టు ముందు కూర్చోబెట్టి ఫోను ఎత్తడానికి పక్క గదిలోకి పోవద్దు. జానెడు లోతు నీళ్లలో కూడా ప్రమాదం జరుగుతుంది. ఎండుమిర్చి ముట్టుకున్న చేతితో కళ్లు నులుముకుంటారు, మిర్చి పని పెద్దయ్యాకే.

కింది అరలో స్వేచ్ఛ ఇచ్చినప్పుడు ఫినాయిలు, యాసిడ్, మందుల డబ్బాలు పై అరకు పోవాలి. ఆ పని మొదట జరగాలి, మిగతావి తరువాత.

ఇంకొకటి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు గడిపే సమయం రోజుకు గంట దాటకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏడాదిలోపు వాళ్లకు అసలే వద్దంది. అన్నం తినిపించడానికి ఫోను చూపించే అలవాటు ఉంటే, ఈ పద్ధతిలో తొలి అడుగు అదే మానేయడం.

కాజీపేట_జంక్షన్

నాది రైల్వే ఉద్యోగం, డ్యూటీ వేళలు నా చేతిలో ఉండవు. నా భార్య ఒక్కతే పొద్దున ఇద్దరు పిల్లలను తయారుచేయాలి. బస్సు ఏడు నలభైకి వస్తుంది. నాలుగేళ్లవాడు తానే చెప్పులు వేసుకుంటానంటాడు, తానే గుండీలు పెట్టుకుంటానంటాడు. ఒక గుండీ దగ్గరే బస్సు వెళ్లిపోతుంది. చదివినప్పుడు బాగానే ఉంటుంది, ఆ నలభై నిమిషాల్లో ఏమి చేయాలో చెప్పండి.

బాలబాట

అన్నీ చేయనివ్వకండి. పొద్దున ఒక్కటే పని అతనిది అని నిర్ణయించండి, చెప్పులు అనుకుందాం. గుండీలు ఆదివారం. ఆదివారం మీ పాత చొక్కా ఒకటి నేల మీద పరిచి, పెద్ద గుండీలు కుట్టి, కావలసినంతసేపు పెట్టి తీయనివ్వండి. బడిలో మేము వాడే గుండీల చట్రం అదే. చేయి అలవాటు పడ్డాక పొద్దున కూడా తొందరగానే పెట్టుకుంటాడు. రేపు వేసుకునే బట్టలు రెండు జతల్లోంచి ఒకటి ముందు రాత్రే తనే తీసి పెట్టుకోవాలి. ఏది వేసుకోవాలన్న పేచీ అక్కడే సగం తగ్గుతుంది.

చెప్పుల కోసం అతన్ని పది నిమిషాలు ముందే కూర్చోబెట్టండి. తొందరలో ఉన్న తల్లి చేతులు పిల్లవాడి చేతుల్లోంచి పని లాక్కోవడం సహజం. ఆ తొందర లేని సమయాన్ని ముందే పక్కన పెట్టుకోవాలి.

ఎల్లంబజార్_నానమ్మ

నా మనుమరాలు టైపు చేసి పెడుతోంది. మీరంతా చదువుకున్నవాళ్లు. కానీ గునుగుపువ్వు అమ్మా, మీ అత్తమ్మ తరఫున ఒక మాట. నా కోడలు కూడా ఇవే చదివి, అత్తమ్మా, మీరు తినిపించొద్దు, దాన్నే తిననివ్వండి అంది. నాకు కన్నీళ్లు వచ్చాయి. ముద్దలు కలిపి నోట్లో పెట్టడం తప్ప ఈ వయసులో నేను పిల్లకు ఇవ్వగలిగినది ఏముంది? అది కూడా తీసుకుంటే నేను ఆ ఇంట్లో ఎందుకు?

గునుగుపువ్వు

అమ్మా, మీ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా అత్తమ్మ నోరు తెరిచి చెప్పలేదు కానీ ఆమె మనసులోనూ ఇదే ఉండి ఉంటుంది.

పాఖాల_గట్టు

నానమ్మ గారూ, మా ఇంట్లో మేము చేసుకున్న ఏర్పాటు చెబుతాను. మొదటి నాలుగు ముద్దలు మా అమ్మవి, కథతో సహా. ఆ తరువాత గిన్నె పిల్లవాడి ముందుకు జరుగుతుంది. కడుపులో కొంచెం పడితే వాడికి తినాలన్న ఓపిక ఉంటుంది, అమ్మకూ తృప్తి. కింద పడిన మెతుకులు ఏరి చిన్న గిన్నెలో వేయడం వాడి పని.

ఇంకో సంగతి. పిల్లలకు చేతి పని నేర్పడంలో మా ఇంట్లో అమ్మకు సాటి ఎవరూ లేరు. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు పిండిని రెండు వేళ్ల మధ్య సన్నగా మెలిపెడుతూ గుండ్రంగా వదిలే ఆ ఒడుపు నాకు రాదు, నా భార్యకు రాదు. మా అమ్మ పక్కన పీట వేసుకుని వాడు కూడా ఒక ముద్ద తీసుకుని మెలిపెడతాడు. వాడి చుట్లు ముక్కలు ముక్కలవుతాయి, వాటిని వాడి పేరు మీద వేరే వేయిస్తారు. పెన్సిలు పట్టడానికి కావలసిన వేళ్ల బలం అక్కడే వస్తోందని వాళ్ల టీచరు కూడా అన్నారు.

బాలబాట

ఇది చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను. బతుకమ్మ కూడా అంతే. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు రంగుల వారీగా వేరుచేయడం, గునుగును ఒకే పొడవున కత్తిరించి రంగు నీళ్లలో ముంచడం, కింద పెద్ద వరసతో మొదలై పైకి పోయేకొద్దీ చిన్నదవుతూ పేర్చడం. మా తరగతిలో గులాబీ గోపురం అని పది ఘనాలుంటాయి, పది సెంటీమీటర్ల నుంచి ఒక సెంటీమీటరు దాకా, పెద్దది కింద పెట్టి వరసగా పేర్చాలి. పరిమాణం కంటికీ చేతికీ తెలియడమే దాని ఉద్దేశం. సద్దుల బతుకమ్మ నాడు నానమ్మలు నేర్పేదాంట్లో అదీ ఉంది, పాటా ఉంది, పది మందితో కలిసి చేయడమూ ఉంది. నానమ్మ గారూ, మీరు ఆ ఇంట్లో ఎందుకు అంటే ఇందుకు.

మిర్చి_యార్డు (ఎనుమాముల)

నేను వ్యాపారిని, నా బాధ సూటిగా చెబుతాను. ఈ పిల్లలంతా పదేళ్ల తరువాత ఎక్కడికి పోతారు? ఇంటర్మీడియెట్ హాస్టలుకు. పొద్దున ఐదు నుంచి రాత్రి పదిన్నర దాకా చదువు. అక్కడ ఇష్టమున్న పని ఎంచుకో అని ఎవరూ అనరు. చిన్నప్పుడు ఇంత సున్నితంగా పెంచి, ఆ తరువాత ఆ రద్దీలో పడేస్తే పిల్ల తట్టుకుంటుందా? రెండో ప్రశ్న. చాక్లెట్ ఇవ్వొద్దు, దెబ్బ వేయొద్దు అంటారు. మరి మాట ఎలా వింటారు?

లెక్కల_మాస్టారు (పరకాల)

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి పదవీ విరమణ చేశాను. మొదటి ప్రశ్నకు నేను జవాబిస్తాను.

ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లల్లో 407ను నలభై ఏడుగా రాసేవాళ్లను నేను ఏటా చూశాను. ఎక్కాలు ఇరవై దాకా గడగడ అప్పజెప్పేవారు. స్థానవిలువ తెలియదు. అంకెలు ముందు వచ్చాయి, వాటి వెనకున్న రాశి చేతికి తగలలేదు. మాంటిస్సోరి తరగతిలో బంగారు రంగు పూసలు ఉంటాయి. ఒక పూస ఒకటి. పది పూసలు గుచ్చిన కడ్డీ పది. పది కడ్డీలు కలిపిన చదరం వంద. పది చదరాల ఘనం వెయ్యి. నాలుగైదేళ్ల పిల్ల వెయ్యిని రెండు చేతులతో మోసుకుని వస్తుంది, ఒకటిని రెండు వేళ్లతో పట్టుకుంటుంది. వెయ్యికీ ఒకటికీ తేడా బరువుగా తెలిసిన పిల్లకు స్థానవిలువ గురించి మళ్లీ చెప్పనక్కరలేదు.

ఇంట్లో పూసలు అక్కరలేదు. చీపురు ఈనెలు ఒకే పొడవున విరిచి, పదేసి కట్టలుగా రబ్బరు బ్యాండు వేయండి. పది కట్టలు కలిపి ఒక మోపు. సోల, తవ్వ, మానిక ఇంట్లో ఉంటే బయటికి తీయండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యం పోసి కొలిస్తే సగం, పావు తెలుస్తాయి. ఐదేళ్లు దాటిన పిల్లలతో వామనగుంటలు ఆడండి, గింజలు పంచుతూ పోయే ఆ ఆటలో కూడిక, ముందుచూపు రెండూ ఉన్నాయి.

హాస్టలు సంగతి. అక్కడ నలిగిపోయే పిల్లలను నేను చూశాను. పక్కన కూర్చుని చదివించేవాళ్లు లేకపోతే పుస్తకం తెరవలేనివాళ్లే ఎక్కువగా నలిగారు. తనంతట తాను ఒక పని పట్టుకుని గంటసేపు వదలకుండా ఉండగలగడం మూడేళ్లకు మొదలైతే పదహారేళ్లకు అక్కరకు వస్తుంది. ఆ హాస్టలు పద్ధతి మంచిదని నేను అనడం లేదు, అది వేరే చర్చ. పిల్లను దానికోసం మూడేళ్లకే సిద్ధం చేయాలనుకోవడం మాత్రం అన్యాయం.

అంగన్‌వాడీ_అక్క (హసన్‌పర్తి)

రెండో ప్రశ్నకు నేను. దెబ్బల గురించి చట్టం ఏనాడో తేల్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఇంట్లో మన మనస్సాక్షి.

మా కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు అందరూ ఒకే గదిలో ఉంటారు. చాలామంది దాన్ని లోటుగా అనుకుంటారు. ఈ చర్చ చదివాక నాకు ధైర్యం వచ్చింది, మాంటిస్సోరి తరగతిలో కూడా వయసులు కావాలనే కలుపుతారట కదా. ఐదేళ్ల పిల్ల మూడేళ్లవాడికి చెప్పులు సరిచేస్తుంది, వాడు ఆమెను చూసి గ్లాసు కడుగుతాడు. నేను ఒక్కదాన్ని ఇరవై మందికి నేర్పలేనిది వాళ్లు ఒకరికొకరు నేర్పుకుంటారు.

మాట వినడం గురించి నా అనుభవం ఇది. మా దగ్గర నియమాలు తక్కువ, కానీ అవి రోజూ ఒకటే. ఎవరినీ కొట్టకూడదు, వస్తువు విసరకూడదు, తీసినదాన్ని తీసినచోటే పెట్టాలి. విసిరితే ఆ వస్తువు ఆ పూటకు లోపలికి పోతుంది. తిట్టను, అరవను, బతిమాలను. రేపు మళ్లీ ఇస్తాను. మొదటి వారం ఏడుస్తారు. అక్క ఈ రోజు ఒకలా, రేపు ఇంకోలా ఉండదని తెలిశాక ఏడుపు తగ్గుతుంది. మొండితనం స్వేచ్ఛ వల్ల రాదు, పెద్దవాళ్లు పొద్దున కాదన్నదాన్ని సాయంత్రం ఏడుపుకు ఇచ్చేయడం వల్ల వస్తుంది.

మిర్చి_యార్డు

అక్కా, చివరి వాక్యం నాకోసమే రాసినట్టుంది. పొద్దున నా భార్య కాదంటుంది, సాయంత్రం నేను ఇచ్చేస్తాను. మా ఇంట్లో ముందు మేమిద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి.

గునుగుపువ్వు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకా రెండు అడగాలి. బడి చూడటానికి వెళ్లినప్పుడు ఏది నిజమైనదో ఎలా తెలుస్తుంది? అక్షరాలు ఇంట్లో ఎప్పుడు, ఎలా? తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

బాలబాట

మాంటిస్సోరి అనే పేరు ఎవరి సొంతమూ కాదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. 1929లో ఆమె స్థాపించిన అంతర్జాతీయ సంఘం ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంది. కాబట్టి టీచర్లు ఎక్కడ శిక్షణ పొందారో, ఎన్ని నెలలు పొందారో అడగండి. వారాంతపు తరగతి ఒకటి చేసి వచ్చినవాళ్లకు సామగ్రి పేర్లు వస్తాయి, పిల్లను గమనించడం రాదు. తరువాత, వెనక మూలన గంటసేపు మౌనంగా కూర్చోవడానికి అనుమతి అడగండి. ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. కూర్చుంటే టీచరును చూడవద్దు, పిల్లలను చూడండి. ఒక్కొక్కరు ఒక్కో పనిలో ఉన్నారా? చాప పరుచుకుని, పని అయ్యాక చుట్టి పెడుతున్నారా? గంట మోగిందని చేతిలో పని లాక్కుంటున్నారా? మంచి తరగతిలో పొద్దున మూడు గంటలు ఏ గంటా మోగదు.

అక్షరాలు తెలుగులోనే మొదలుపెట్టండి. ఇంట్లో ఏ భాషలో కలలు కంటుందో ఆ భాషలో. హార్డ్‌వేర్ దుకాణంలో ఉప్పు కాగితం దొరుకుతుంది, మరీ గరుకుది వద్దు, సన్న రకం అడగండి. అక్షరం ఆకారంలో కత్తిరించి అట్ట మీద అతికించండి. చూపుడు వేలు, మధ్య వేలు రెండింటితో రాసే దిశలోనే తడుముతూ ఆ ధ్వని పలకాలి. అ, ఆలతో మొదలుపెట్టాలన్న నియమం లేదు. ర, గ, ట లాంటి సులువైన గీతలు ముందు. ప పక్కన వ, ద పక్కన ధ ఒకేసారి ఇవ్వకండి, పోలిక ఉన్నవి కలగలిసిపోతాయి. ఎప్పుడూ రెండు మూడే ఇచ్చి, ముందు ఇది ర, ఇది గ అని చెప్పండి. అది కుదిరాక ర ఏది, చూపించు అనండి. అదీ కుదిరాక వేలు పెట్టి ఇది ఏమిటి అని అడగండి. మూడో మెట్టులో తడబడితే దిద్దకుండా ఇంకో రోజు మొదటి మెట్టు నుంచి చెప్పండి. మీ పాపకు ఇంకా ఏడాది పైనే సమయముంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం మూడు నుంచి ఎనిమిదేళ్లదాకా ఒకే పునాది దశ, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. వెనకబడుతుందన్న భయం మీ వారికి అక్కరలేదు.

ములుగు_బాట

మా వాడికి తొమ్మిదేళ్లు. ఇదంతా చదివి ఆలస్యమైపోయిందని బెంగ పట్టుకుంది.

బాలబాట

ఆరు నుంచి పన్నెండేళ్లది వేరే దశ. ఇప్పుడు అతనికి చెంబు, గ్లాసు అక్కరలేదు. ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలు కావాలి, స్నేహితుల గుంపు కావాలి, ఇల్లు దాటి బయటికి పోవాలి. మీరు ములుగు దారిలోనే ఉన్నారు. రామప్ప గుడికి ముగ్గురు నలుగురు పిల్లలను తీసుకెళ్లండి, కానీ ప్రయాణం వాళ్లే రాసుకోవాలి. బస్సు ఎప్పుడు, చార్జీ ఎంత, ఏమి తినాలి, ఎవరిని ఏమి అడగాలి. 1213లో కట్టిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుందని చెబితే ఊరుకోకండి, ఇంటికి వచ్చాక ఏవి తేలుతాయో ఏవి మునుగుతాయో బకెట్టులో వాళ్లే చూడాలి. వారంలో ఒక పూట వంట అతనికి అప్పగించండి. కొనడం, కోయడం, లెక్క, వడ్డన, గిన్నెలు కడగడం అన్నీ. తొమ్మిదేళ్ల మగపిల్లవాడు ఉప్మా చేసి తాతయ్యకు పెడితే ఆ ఇంట్లో ఎంత మారుతుందో మీరే చూస్తారు.

తొలకరి (జమ్మికుంట)

ఇంతవరకు చదువుతూ వచ్చాను, అడగాలా వద్దా అనుకుంటూ. మా బాబుకు మూడేళ్లు. రెండు మూడు మాటలు తప్ప రావు, పిలిస్తే ఒక్కోసారి చూడడు. మీరు చెప్పేవన్నీ మామూలు పిల్లలకేనా? ఊళ్లో ఒకరు వీడిని ఏ బడిలోనూ చేర్చుకోరన్నారు.

బాలబాట

అమ్మా, ఈ పద్ధతి మొదలైందే మీ బాబు లాంటి పిల్లలతో. సాన్ లోరెంజో కంటే ముందు, 1900 ప్రాంతంలో, రోమ్‌లో వైకల్యమున్న పిల్లల కోసం ఉపాధ్యాయులను తయారుచేసే సంస్థలో మాంటిస్సోరి పనిచేశారు. చదువు రాదని అందరూ వదిలేసిన పిల్లలకు చేతితో తాకే సామగ్రి ఇచ్చి నేర్పారు. ఇటార్డ్, సెగ్విన్ అనే ఇద్దరు ఫ్రెంచ్ వైద్యులు అలాంటి పిల్లలతో చేసిన పని చదివి, దాన్ని ముందుకు తీసుకెళ్లారు. వాళ్లు అంతగా నేర్చుకున్నప్పుడు మామూలు బడి పిల్లలు ఎందుకు అక్కడే ఆగిపోతున్నారన్న ప్రశ్న ఆమెను బాలల గృహం దాకా తెచ్చింది. ఊళ్లో ఎవరో అన్న ఆ మాటను మనసులో పెట్టుకోకండి.

పిల్లల_డాక్టర్

తొలకరి గారూ, ఆలస్యం చేయకండి. మొదట వినికిడి పరీక్ష. మాట ఆలస్యమైన పిల్లల్లో చెవి సరిగా వినిపిస్తోందా అన్నది తేలకుండా ఇంకేదీ నిర్ణయించకూడదు. పిలిస్తే చూడకపోవడానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు, పిల్లవాడిని చూసి పిల్లల వైద్యులే చెప్పాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూస్తాయి, అవసరమైతే ఎదుగుదల లోపాలకు జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతాయి. మీ అంగన్‌వాడీ టీచరును అడిగితే వివరం చెబుతారు. ఇంట్లో ఈలోగా ఫోను పూర్తిగా ఆపండి. బాబు ఎత్తుకు వంగి, ముఖం చూస్తూ, చేస్తున్న పని పేరే చిన్న మాటల్లో చెప్పండి. నీళ్లు. పోద్దాం. గ్లాసు. జవాబు కోసం పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. ఏమైనా చూపించినా, ధ్వని చేసినా దాన్ని జవాబుగానే తీసుకోండి.

అంగన్‌వాడీ_అక్క

తొలకరి అమ్మా, బృందం మీ ఊరికి ఏ రోజు వస్తుందో మీ కేంద్రంలో ముందే రాసి ఉంటుంది. కనుక్కోండి. ఆ రోజు దాకా ఆగనక్కరలేదు, జమ్మికుంట ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, వినికిడి పరీక్ష ఎక్కడ చేస్తారో అడిగి చీటీ రాయించుకోండి. బాబు టీకాల కార్డు, మీ ఆధార్ కార్డు తీసుకెళ్లండి. ఏ మాటలు పలుకుతున్నాడో, ఏ వయసులో నడిచాడో ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే డాక్టరుకు చెప్పడం సులువవుతుంది.